పెనుకొండ కారు, నాలుగు మీటర్ల గీత

రాయలసీమ నుంచి విదేశాలకు పోయే సరుకు ఏమిటని అడిగితే మంగంపేట ముగ్గురాయి, శేషాచలం ఎర్రచందనం, పులివెందుల అరటి అని చెప్పడం మనకు అలవాటు. ఒకటి తవ్వి తీసేది, ఇంకొకటి నరికేది, మూడోది కోసేది. వేల విడిభాగాలు బిగించి, రంగు వేసి, నడిపి చూసి ఓడెక్కించే సరుకు ఆ జాబితాలో చాలాకాలం లేదు. 2019లో అది చేరింది. చెన్నూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల రోడ్ల మీద ఇప్పుడు ఎవరూ తిరిగి చూడనంత మామూలైపోయిన కియా సెల్టోస్, సోనెట్ కార్లు పొరుగున పెనుకొండ దగ్గర తయారైనవే. అక్కడి నుంచే అవి దక్షిణాఫ్రికాకూ, చిలీకీ, గల్ఫ్ దేశాలకూ వెళ్ళాయి.

వీటిలో సోనెట్ కథ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. అది చిన్న కారు ధరలో ఎస్‌యూవీ రూపాన్ని అమ్మజూపిన బండి. మొదటిరోజు నుంచే విదేశీ మార్కెట్లను లెక్కలో పెట్టుకుని తయారైన బండి. ఇలాంటి బండ్లు ఇవాళ దేశంలో డజనుకు తక్కువ లేవు. వీటి మీద వచ్చే రాతలు చాలావరకు మైలేజీ, తెర సైజు, సన్‌రూఫ్ దగ్గర ఆగిపోతాయి. అసలు అడగవలసినవి వేరే ఉన్నాయి. ఈ బండ్లన్నీ ఒకే పొడవులో ఎందుకున్నాయి? అదే బండి సముద్రం దాటగానే ఎందుకు మారిపోతుంది? చౌక అన్న మాట ఎవరి జేబుకు సరిపోతుంది? వీటిని తయారు చేసే నేలకు చివరికి మిగిలేదేమిటి?

గీత గీసింది బడ్జెట్

మొదటి ప్రశ్నకు జవాబు ఇంజనీరు బల్ల మీద దొరకదు, పన్నుల పుస్తకంలో దొరుకుతుంది. 2006 కేంద్ర బడ్జెట్‌లో అప్పటి ఆర్థికమంత్రి చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే ఏమిటో కూడా నిర్వచించారు. పొడవు 4 మీటర్లు దాటకూడదు. పెట్రోలు ఇంజను 1,200 సీసీ, డీజిలు ఇంజను 1,500 సీసీ మించకూడదు. దేశాన్ని చిన్న కార్ల తయారీ కేంద్రంగా నిలబెట్టాలన్నది ఆ నిర్ణయం వెనుక ఆలోచన.

పన్ను గీత గీయగానే కంపెనీలు కొలబద్ద పట్టుకున్నాయి. టాటా తన ఇండిగో సెడాన్ వెనుక భాగాన్ని కుదించి 2008లో ఇండిగో సీఎస్ తెచ్చింది. మారుతి 2012లో డిజైర్ డిక్కీని కత్తిరించి నాలుగు మీటర్ల లోపలికి ఇరికించింది. అందం పోయిందన్న వాళ్ళున్నారు. కొన్నవాళ్ళు మాత్రం ధర చూశారు.

ఆ తరువాత వంతు ఎస్‌యూవీలది. 2012లో వచ్చిన రెనో డస్టర్ ఎత్తైన బండి మీద మధ్యతరగతికి ఎంత మోజుందో చూపించింది. అయితే అది గీతకు అవతలి బండి. 2013 జూన్‌లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 5.59 లక్షల ప్రారంభ ధరతో వచ్చి ఆ మోజును గీతకు ఇవతలికి తెచ్చింది. దాని పొడవు 3,999 మిల్లీమీటర్లు, అంటే గీతకు ఒక్క మిల్లీమీటరు తక్కువ. వెనుక తలుపుకు వేలాడదీసిన స్టెప్నీని ఆ లెక్కలో చేర్చలేదు. పన్ను చట్టం బండి ఆకారాన్ని ఎలా చెక్కుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

2016 మార్చిలో మారుతి విటారా బ్రెజా, 2017 సెప్టెంబరులో టాటా నెక్సాన్, 2019లో మహీంద్రా ఎక్స్‌యూవీ 300, అదే ఏడాది మే నెలలో హ్యుందాయ్ వెన్యూ వరసగా వచ్చాయి. 2020 డిసెంబరులో నిస్సాన్ మాగ్నైట్ 4.99 లక్షలకు దిగి ధరల పోటీని ఇంకా కిందికి లాగింది. అప్పటికి పల్లెల్లో కూడా కొత్త కారు అంటే హ్యాచ్‌బ్యాక్ అన్న ఆలోచన పోయింది. కాస్త ఎత్తుగా కూర్చోవాలి, గుంటల రోడ్డులో అడుగు తగలకూడదు, చీనీ తోటకు పోయే మట్టిబాటలోనూ ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలోనూ ఒకే బండి తిరగాలి. ఈ కోరికలు పన్ను రాయితీతో కలిసినచోట ఈ తరగతి పుట్టింది.

ఇందులో అందరూ గెలవలేదు. దారి వేసిన ఫోర్డే ముందు వెళ్ళిపోయింది. చెన్నై దగ్గరి మరైమలై నగర్‌లో చేసిన ఎకోస్పోర్ట్ 2018 నుంచి అమెరికాలో కూడా అమ్ముడయింది. అయినా భారత్‌లో తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ప్రకటించింది. ఒక బండి ఎన్ని దేశాలకు వెళ్ళినా దాన్ని చేసే ఫ్యాక్టరీకి అది శాశ్వత హామీ కాదని ఆ రోజు తేలింది. పెనుకొండ సంగతి చెప్పుకునేటప్పుడు ఈ విషయం మరువకూడదు.

ఎర్రమంచి పొలాల్లో

1565లో రాక్షసతంగడి యుద్ధం తరువాత విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు మార్చారు. ఆ వైభవం పోయాక మిగిలింది కోట, కొండ, కరువు. పెనుకొండ ఉన్న ఉమ్మడి అనంతపురం దేశంలో అతి తక్కువ వానపడే జిల్లాల్లో ఒకటి. వేరుశనగ ఎండిపోవడం, మనుషులు బెంగళూరుకు వలస పోవడం అక్కడ ఏటేటా వచ్చే వార్తలు.

అలాంటి చోట కారు ఫ్యాక్టరీ పెడుతున్నట్టు కొరియా కంపెనీ కియా 2017 ఏప్రిల్ 27న రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, స్థలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు హయాంలో 2019 జనవరి 29న ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది. ఆ ఆగస్టు 22న సెల్టోస్ 9.69 లక్షల ప్రారంభ ధరతో మార్కెట్‌లోకి వచ్చింది. డిసెంబరు 5న, అప్పటికి ముఖ్యమంత్రి అయిన జగన్మోహనరెడ్డి ఫ్యాక్టరీని లాంఛనంగా ప్రారంభించారు. ఒప్పందం ఒక ప్రభుత్వానిది, రిబ్బను ఇంకో ప్రభుత్వానిది. సీమ రాజకీయాల్లో ఇలా ఒక పని చేతులు మారి కూడా ఆగకపోవడం అరుదు. 2020 ఫిబ్రవరిలో ఫ్యాక్టరీ తమిళనాడుకు తరలిపోవచ్చని ఒక అంతర్జాతీయ వార్తాసంస్థ రాసినప్పుడు కంపెనీ, ప్రభుత్వం రెండూ ఖండించాయి. ఫ్యాక్టరీ కదలలేదు.

పెనుకొండనే ఎందుకు ఎంచుకున్నారు? కారణాలు కనిపిస్తూనే ఉన్నాయి. హైదరాబాదు, బెంగళూరు మధ్య 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే పోతుంది. గుంతకల్లు, బెంగళూరు రైలు మార్గం ఊళ్ళోనే ఉంది. బెంగళూరు విమానాశ్రయం రెండు మూడు గంటల దూరం. తోబుట్టు సంస్థ హ్యుందాయ్ 1990ల నుంచే శ్రీపెరుంబుదూరులో పాతుకుపోయి ఉంది కాబట్టి దాని చుట్టూ పెరిగిన విడిభాగాల కంపెనీలు లారీ దూరంలో ఉన్నాయి. ఇవన్నీ ఉన్నా నీళ్ళు లేకపోతే పని జరగదు. ఆ నీళ్ళు హంద్రీ-నీవా పథకం తెచ్చింది. శ్రీశైలం వెనుక జలాల నుంచి మెట్టుమెట్టుగా ఎత్తిపోసిన కృష్ణా నీరు గొల్లపల్లి జలాశయానికి చేరింది. ఫ్యాక్టరీకి నీరు అక్కడి నుంచే. ఎత్తిపోతల పథకం ఒకటి పూర్తయితే పైరు ఒక్కటే పండదని, పరిశ్రమ కూడా పండుతుందని గొల్లపల్లి రుజువు చేసింది.

కట్టేది ఇక్కడే, కొలతలు వేరు

సోనెట్ నమూనాను 2020 ఫిబ్రవరిలో ఢిల్లీ పక్కన జరిగిన ఆటో ఎక్స్‌పోలో చూపించారు. కోవిడ్ నడుమ ఆగస్టు 7న దాన్ని ప్రపంచానికి ఆన్‌లైన్‌లో ఆవిష్కరించారు. అదే నెల 20న బుకింగులు తెరిస్తే మొదటిరోజే 6,523 వచ్చాయి. సెప్టెంబరు 18న 6.71 లక్షల ప్రారంభ ధర ప్రకటించారు. భారత్‌లో చేసి డెబ్బైకి పైగా దేశాలకు పంపుతామని కంపెనీ అప్పుడే చెప్పింది.

మన దగ్గర అమ్మే సోనెట్ పొడవు 3,995 మిల్లీమీటర్లు, గీతకు ఐదు తక్కువ. పెట్రోలు ఇంజన్లు రెండు. ఒకటి 1.2 లీటర్లది, ఇంకొకటి 1 లీటరు టర్బో. డీజిలు 1.5 లీటర్లది, అదీ 1,500 సీసీ లోపలే. అంటే బండి నలుమూలలా పన్ను చట్టం నియమాలే కనిపిస్తాయి.

ఇప్పుడు ఇండోనేసియాకు పోదాం. 2020 నవంబరులో అక్కడ విడుదలైన సోనెట్ పొడవు 4,120 మిల్లీమీటర్లు. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం మాత్రం మన బండికున్న 2,500 మిల్లీమీటర్లే. పెరిగినదంతా ముందూ వెనుకా బంపర్ల దగ్గరే. దానికి 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను పెట్టారు. 2021 ఏప్రిల్‌లో అదే బండిలో మూడో వరస సీటు ఇరికించి ఏడుగురు కూర్చునే సోనెట్ 7 కూడా దించారు. ఇండోనేసియాలో కుటుంబం మొత్తం ఒకే కారులో ఎక్కాలన్న కోరిక బలమైనది. అక్కడ దశాబ్దాలుగా ఏలుతున్నవి ఏడు సీట్ల బండ్లే. కాబట్టి కియా అక్కడి అలవాటు ముందు తలవంచింది.

మన సోనెట్‌లో దొరకని 1.5 పెట్రోలు ఇంజను విదేశాలకు ఎందుకు వెళ్ళింది? బరువైన బండికి, కొండదారికి, ఎయిర్ కండిషనర్ నిరంతరం నడిచే ఎడారి ఎండకు టర్బో లేని పెద్ద ఇంజను నిబ్బరంగా ఉంటుంది. మరమ్మతు సులువు. దాన్నే మన సోనెట్‌లో పెడితే బండి చిన్న కారు తరగతి నుంచి బయటపడుతుంది, పన్ను ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఎడమవైపు స్టీరింగు ఉండే దేశాలకు బండి వేరు, కుడివైపు ఉండే దేశాలకు వేరు. కొన్ని దేశాలకు పూర్తి బండి ఓడెక్కుతుంది. వియత్నాం వంటి చోట్లకు భాగాలుగా వెళ్ళి అక్కడి ఫ్యాక్టరీలో జోడవుతుంది. అక్కడ థాకో సంస్థ 2021లో సోనెట్‌ను విడుదల చేసింది. పేరు ఒకటే అయినా ప్రతి దేశం చట్టమూ, రోడ్డూ, కుటుంబమూ దాన్ని తిరిగి కొలిచాయి.

వెళ్ళని దేశాలు కూడా ఏదో చెబుతాయి. యూరప్‌లో ఈ తరగతికి కియా అమ్మేది స్టోనిక్‌ను, సోనెట్‌ను కాదు. అమెరికాలో సోనెట్ లేదు. అక్కడి సెల్టోస్ కొరియా నుంచి వస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాడు తన ఇంటి ముందున్న సెల్టోస్‌ను చూసి మా సీమ కారు అని మురిసిపోతే పొరపాటే. కువైట్‌లోనో సౌదీలోనో పనిచేసే కడపవాడికి మాత్రం ఆ మురిపెం దక్కవచ్చు. పెనుకొండ బండికి దొరికిన మార్కెట్లు పశ్చిమాసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఆసియా దేశాలు. అంటే చాలావరకు ధర చూసి కొనేవి, రోడ్లు మనలాగే ఉండేవి, పొగ, భద్రత నియమాలు యూరపు స్థాయిలో బిగుసుకోనివి. అక్కడ గెలవడం తక్కువ పనేమీ కాదు. అయితే ప్రపంచం అన్న మాటకు హద్దులు ఎక్కడున్నాయో తెలిసి ఉండాలి.

2022 ఫిబ్రవరి నాటికి పెనుకొండ నుంచి లక్ష కార్లు విదేశాలకు వెళ్ళాయని, అవి 91 దేశాల్లో అమ్ముడయ్యాయని కంపెనీ ప్రకటించింది. 2024 మధ్యకు ఆ సంఖ్య రెండున్నర లక్షలకు, దేశాల సంఖ్య వంద దగ్గరికి చేరింది. అందులో సగానికి పైగా సెల్టోస్, మూడోవంతు సోనెట్. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. గీత లోపలి బండి కన్నా గీతకు అవతల 4.3 మీటర్లున్న సెల్టోసే విదేశాల్లో ఎక్కువ పోయింది. నాలుగు మీటర్ల గీత మన దేశపు గీత, దానికి సముద్రం అవతల విలువ లేదు.

ఇది కియా ఒక్కదాని అనుభవం కాదు. మారుతి ఫ్రాంక్స్ గుజరాత్‌లో తయారై 2024లో జపాన్‌కు వెళ్ళింది. మారుతి 1987లో హంగరీకి మొదటి విడత కార్లు పంపిన రోజు నుంచి చూస్తే జపాన్‌కే కారు అమ్మడం చిన్న ప్రయాణం కాదు. ఆ ఫ్రాంక్స్ పొడవు 3,995 మిల్లీమీటర్లే. కానీ జపాన్ కొనుగోలుదారుకు 1.5 లీటర్ల ఇంజను, నాలుగు చక్రాలనూ తిప్పే డ్రైవ్, తనంతట తాను బ్రేకు వేసే ఏర్పాటు దొరికాయి. అదే బండి కొన్న మన పులివెందుల రైతుకు అవేవీ రాలేదు.

చౌక ఎవరికి?

ఈ తరగతి బండ్ల ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో ఉండేది ప్రారంభ ధర. అది షోరూం ధర, అందులోనూ అన్నిటికన్నా కింది రకానిది. దాని మీద జీవితకాల పన్ను, బీమా, రిజిస్ట్రేషను చేరాలి. జనం నిజంగా కొనేది మధ్య రకాన్ని. 2020లో 6.71 లక్షలకు మొదలైన సోనెట్, 2024 జనవరిలో కొత్త ముఖంతో వచ్చినప్పుడు 7.99 లక్షలకు మొదలైంది. మధ్యలో ఉక్కు ధర పెరిగింది, చిప్పుల కొరత వచ్చింది, 2023లో పొగ నియమాలు బిగుసుకున్నాయి, ఎయిర్‌బ్యాగులు ఆరయ్యాయి. ప్రతిదానికీ కారణముంది. నెల వాయిదా కట్టేవాడికి మాత్రం కారణంతో పనిలేదు.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారింది. చిన్న కార్ల మీద 18 శాతం, మిగతా పెట్రోలు, డీజిలు కార్ల మీద 40 శాతం. అంతకుముందు చిన్న పెట్రోలు కారు మీద సెస్సుతో కలిపి 29, చిన్న డీజిలు కారు మీద 31 ఉండేది. నాలుగు మీటర్లు దాటి 1,500 సీసీ లోపు ఇంజను ఉన్న బండి మీద 45. పన్నుకు ముందు 6 లక్షలు పలికే పెట్రోలు బండిని తీసుకుని లెక్క కడదాం. పాత పద్ధతిలో గీత లోపల ఉంటే 7.74 లక్షలు, దాటితే 8.70 లక్షలు. తేడా 96 వేలు. కొత్త పద్ధతిలో లోపల 7.08 లక్షలు, దాటితే 8.40 లక్షలు. తేడా 1.32 లక్షలు.

ధరలు తగ్గాయన్నది నిజం, పండుగకు బండి కొన్నవాళ్ళు లాభపడ్డారు. అదే సమయంలో గీత మునుపటికన్నా లోతుగా పడింది. అంటే రాబోయే పదేళ్ళు కంపెనీలు మన కోసం గీత లోపలి బండినే చేస్తాయి, ప్రపంచం కోసం ఇంకో కొలత చేస్తాయి. ఒకే ఫ్యాక్టరీలో రెండు కొలతలు నడపడం ఖర్చుతో కూడిన పని. చిన్న కార్ల కేంద్రం కావాలని 2006లో గీసిన గీత ఆ పని చేసింది. ఇప్పుడు అదే గీత మన బండిని ప్రపంచ బండి కాకుండా పట్టి ఉంచుతోంది. పొడవు, సీసీ బదులు బండి బరువు, వదిలే పొగ, భద్రత చూసి పన్ను వేస్తే కొనేవాడికీ, చేసేవాడికీ మేలు. నాలుగు మీటర్ల లోపల ఉన్న డీజిలు బండి మంచిదని, రెండు అంగుళాలు ఎక్కువున్న పెట్రోలు బండి విలాసమని అనడానికి శాస్త్రీయమైన ఆధారం ఏమీ లేదు.

ప్రాణం విలువ

ఎత్తుగా ఉన్న బండి గట్టిదని మన ఊళ్ళలో ఒక నమ్మకం. గ్రౌండ్ క్లియరెన్స్‌కూ గుద్దుకున్నప్పుడు ప్రాణం నిలబడడానికీ సంబంధం లేదు. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ చేసే ఢీకొట్టే పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకుంది. మన దేశపు కారుకు అది మొదటిసారి. 2020లో మహీంద్రా ఎక్స్‌యూవీ 300 కూడా ఐదు తెచ్చుకుంది. అదే ఏడాది పెనుకొండ సెల్టోస్‌కు పెద్దల రక్షణలో మూడు, పిల్లల రక్షణలో రెండు నక్షత్రాలే వచ్చాయి. అంగడిలో దూసుకుపోతున్న బండికి అది గౌరవమైన మార్కు కాదు. పరీక్షించినది రెండే ఎయిర్‌బ్యాగులున్న కింది రకాన్ని. మన దేశంలో ఎక్కువ ప్రాణాలు ప్రయాణించేది అలాంటి రకాల్లోనే.

తరువాత చట్టమూ కదిలింది, కొనేవాళ్ళూ కదిలారు. 2021లో ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయ్యాయి. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన సొంత పరీక్ష మొదలైంది. 2024 సోనెట్‌లో అన్ని రకాలకూ ఆరు ఎయిర్‌బ్యాగులిచ్చారు. 2025లో అదే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాలుగు మీటర్ల లోపు సైరోస్ భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు నక్షత్రాలు సాధించింది. ఐదేళ్ళలో మూడు నుంచి ఐదుకు రాగలిగిన చేతికి మొదట్లోనే ఐదు చేయడం చేతకాక కాదు. అడిగేవాళ్ళు లేకపోవడమే కారణం. అడగడం మొదలుపెట్టాక వచ్చింది.

సీమకు మిగిలింది

పెనుకొండ, హిందూపురం, సోమందేపల్లి చుట్టుపక్కల భూముల ధరలు, ఇంటి అద్దెలు, హోటళ్ళు, కొరియా అక్షరాల బోర్డులు చూస్తే మార్పు తెలుస్తుంది. మోబిస్ వంటి కొరియా విడిభాగాల సంస్థలు ఫ్యాక్టరీ పక్కనే వెలిశాయి. ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలకు బెంగళూరు బస్సు ఒక్కటే దారి కాని పరిస్థితి వచ్చింది. 2023 జులైలో పదో లక్ష కారు ఆ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది. నాలుగేళ్ళలో ఒక కరువు మండలం చేసిన పని అది.

అయినా గొప్ప చెప్పుకోవడంలో కొంత నిదానం అవసరం. బండి గీసింది మనవాళ్ళు కాదు, ఆ నిర్ణయాలు కొరియాలో జరుగుతాయి. ప్రెస్సు, వెల్డింగు, రంగు విభాగాల్లో మూడు వందలకు పైగా రోబోలు పనిచేస్తాయి కాబట్టి పెట్టుబడి ఎంత పెద్దదైనా ఉద్యోగాలు పాతకాలపు మిల్లుల్లా ఆ లెక్కన పెరగవు. పెద్ద విడిభాగాల సంస్థలు చాలావరకు కంపెనీ వెంట కొరియా నుంచి వచ్చినవే. సీమకు చెందిన చిన్న పారిశ్రామికులు ఆ గొలుసులో కింది మెట్టు మీదే ఉన్నారు. హ్యుందాయ్ బృందానికి హైదరాబాదులో పెద్ద ఇంజనీరింగ్ కేంద్రం ఉంది, అక్కడ తెలుగు ఇంజనీర్లు పనిచేస్తున్నారు. హైదరాబాదు ఇంజనీరుకూ పెనుకొండ ఫిట్టరుకూ మధ్య ఉండవలసిన నడిమి మెట్టు, అంటే అచ్చులు, పనిముట్లు, పరీక్షశాలలు, శిక్షణ సంస్థలు, ఉమ్మడి అనంతపురం, కడప జిల్లాల్లో తగినంత పెరగలేదు.

కడప వైపు తిరిగి చూస్తే ఈ పోలిక ఇంకా గుచ్చుకుంటుంది. 2014 రాష్ట్ర విభజన చట్టం కడప జిల్లాలో ఉక్కు కర్మాగారానికి ఉన్న అవకాశాలను పరిశీలించమంది. అంతకుముందే 2007లో జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి స్టీల్స్‌కు శంకుస్థాపన జరిగింది. 2018 డిసెంబరులో మైలవరం మండలం కంబాలదిన్నెలో ఇంకొకటి, 2019 డిసెంబరులో సున్నపురాళ్ళపల్లెలో మరొకటి, 2023 ఫిబ్రవరిలో జిందాల్ సంస్థతో అక్కడే ఇంకొకటి. పెనుకొండ ఒప్పందం నుంచి మొదటి కారు మార్కెట్‌కు రావడానికి రెండేళ్ళ పైచిలుకు పట్టింది. జమ్మలమడుగులో పదహారేళ్ళలో నాలుగు పునాదిరాళ్ళు పడ్డాయి. చెన్నూరులో ఉన్న సహకార చక్కెర మిల్లు మూతపడే ఉంది. నీరు, రోడ్డు, మనుషులు ఇక్కడా ఉన్నారు. లేనిది, డబ్బు చేతిలో పెట్టుకుని మార్కెట్ చూసుకుని వచ్చిన కంపెనీ, దానికి ఇచ్చిన మాటను సర్కారు మారినా నిలబెట్టే తీరు.

లెక్క తేలిస్తే

సోనెట్ గొప్ప కారు అని గానీ, కాదని గానీ తేల్చడం ఈ వ్యాసం పని కాదు. అది తన కాలపు పన్నుకు, రోడ్డుకు, ఆశకు సరిగ్గా కత్తిరించిన బండి. ఆ కత్తిరింపులో కంపెనీ నేర్పు ఉంది, పెనుకొండ చేతుల నాణ్యత ఉంది. దాదాపు వంద దేశాలు కొన్నాక ఆ నాణ్యతను ఎవరూ ప్రశ్నించలేరు.

చెయ్యవలసినవి మూడు కనిపిస్తున్నాయి. కేంద్రం పొడవు కొలిచి పన్ను వేసే పద్ధతిని వదిలి పొగను, భద్రతను కొలవాలి. అప్పుడు మనకు చేసే బండి, ప్రపంచానికి చేసే బండి ఒకటవుతాయి. రాష్ట్రం ఇంకో పెద్ద ఫ్యాక్టరీ కోసం ఎదురు చూసేకన్నా ముందు, ఉన్న ఫ్యాక్టరీకి సరుకు అందించే స్థానిక చిన్న పరిశ్రమలను పెనుకొండ నుంచి కదిరి, పులివెందుల, కొప్పర్తి దాకా పెంచాలి. ఫోర్డ్ వెళ్ళిపోయినా చెన్నై నిలబడింది. అక్కడి విడిభాగాల చిన్న కంపెనీలు ఏ ఒక్క కంపెనీ మీదా ఆధారపడి లేకపోవడమే అందుకు కారణం. పెనుకొండకు ఆ బలం ఇంకా రాలేదు.

మూడోది కొనేవాళ్ళ పని. షోరూముకు పోయినప్పుడు సన్‌రూఫ్ ఉందా అని అడిగే ముందు, ఈ రకానికి ఎన్ని నక్షత్రాలు, ఏ ఏడాది పరీక్ష, అన్ని ఖర్చులూ కలిపి రోడ్డు మీదికి ఎంతవుతుంది అని అడగండి. విదేశంలో ఇచ్చినవి మాకెందుకు ఇవ్వరని కూడా అడగండి. ఆ బండి మన పక్క జిల్లాలోనే తయారవుతోంది, అడిగే హక్కు మనకు అందరికన్నా ఎక్కువ.